మధుపర్కాలు బూడిద రంగులో వస్తున్నాయి, ఆకాశంలో మచ్చలు పడుతున్నాయి. కెమెరా పాడైనట్టేనా?

కాకినాడ కుర్రోడు:
అందరికీ నమస్కారం. ఆరు నెలల కింద సెకండ్‌హ్యాండ్‌లో ఒక డీఎస్ఎల్ఆర్ కొన్నాను. మొన్న మా పిన్ని కూతురి పెళ్లిలో సరదాకి ఫొటోలు తీశాను. అసలు ఫొటోగ్రాఫర్ వేరే ఉన్నాడు కాబట్టి బతికిపోయాను.

మొదటి సమస్య. మధుపర్కాలు కట్టుకున్నాక దగ్గర నుంచి తీసిన ఫొటోల్లో తెల్లబట్టలు బూడిద రంగులో వచ్చాయి. "ఉతకని పంచెలా ఉందేంట్రా" అంది పిన్ని. రిసెప్షన్‌లో బావ నల్ల సూట్ వేసుకుంటే తారుమారైంది. సూట్ వెలిసిపోయినట్టుంది, మొహం పాలిపోయింది. స్టేజి వెనక ఎల్ఈడీ తెర వెలిగినప్పుడల్లా మొహాలు నల్లబడ్డాయి. ఎపర్చర్ ప్రయారిటీలో (లెన్సు రంధ్రం ఎంత తెరవాలో మనం చెప్తే షట్టర్ వేగం కెమెరా చూసుకునే మోడ్) తీశాను, మీటరింగ్ మోడ్ (వెలుగుని ఎలా కొలవాలో చెప్పేది) ముట్టుకోలేదు.

రెండోది. మర్నాడు ఉప్పాడ బీచ్‌లో తీసిన ప్రతి ఫొటోలో ఆకాశం మీద నాలుగైదు మసక మచ్చలున్నాయి. లెన్సు మార్చినా అవి అక్కడే ఉన్నాయి. సెన్సార్ (లోపల బొమ్మ పడే చిప్) పోయిందా? ఇయర్‌బడ్‌తో తుడిచేయమని ఫ్రెండ్ అంటున్నాడు. టెన్షన్‌గా ఉంది.

వరంగల్ పెళ్లిఫొటోల అన్న:
తమ్ముడూ, ముందు ఆ ఇయర్‌బడ్ పక్కన పడెయ్. మచ్చల సంగతి కెమెరాలు బాగుచేసే మన బెంచి బాబాయ్ వచ్చి చెప్తాడు. నేను మీటర్ గురించి చెప్తా.

కెమెరాలోని మీటర్‌కి మధుపర్కం అంటే ఏంటో తెలియదు. ఎదురుగా ఉన్నవాటి మీద పడి వెనక్కి వచ్చే వెలుగు ఎంతో, అంతవరకే దానికి తెలుసు. ఆ వెలుగు తెల్లబట్ట మీద నుంచి వచ్చిందా, నల్లబట్టకి గట్టి లైటు కొడితే వచ్చిందా అన్నది అది చెప్పలేదు. అందుకని ఎదురుగా ఉన్నదంతా కలిపి ఓ మధ్యరకం బూడిద రంగు అనుకుని లెక్క కడుతుంది. పాఠాల్లో దీన్ని 18 శాతం బూడిద అంటారు, అంటే పడిన వెలుగులో 18 శాతం తిప్పి పంపే రంగు. కంపెనీని బట్టి ఇది కొంచెం అటూ ఇటూ ఉంటుంది. ఉతికిన తెల్లబట్ట అంతకు నాలుగైదు రెట్లు వెలుగు తిప్పి పంపుతుంది. మీటర్ దాన్ని "అబ్బో, ఎంత వెలుగో" అనుకుని తగ్గించేస్తుంది. పంచె బూడిదైపోతుంది. సూట్ దగ్గర ఇదే తిరగబడింది, చీకటనుకుని పెంచేసింది.

మార్గం చిన్నదే. కెమెరా మీద ప్లస్, మైనస్ గుర్తున్న బటన్ ఉంటుంది, దాన్ని ఎక్స్‌పోజర్ కాంపెన్సేషన్ అంటారు. ఫ్రేమంతా మధుపర్కాలే ఉంటే ప్లస్ 1తో మొదలుపెట్టి హిస్టోగ్రామ్ (ఫొటోలో నలుపు నుంచి తెలుపు దాకా ఎంతెంత ఉందో చూపే గ్రాఫు) చూస్తూ ప్లస్ 1.7 వరకూ వెళ్లు. నల్ల సూట్ నిండుగా ఉంటే మైనస్ 0.7, మైనస్ 1. ఈ అంకెల్లో ఒకటి అంటే ఒక స్టాప్, ఒక్కో స్టాప్‌కి వెలుగు రెట్టింపో సగమో అవుతుంది, అది గుర్తుంటే చాలు.

ఎల్ఈడీ తెర ముందు మాత్రం ఈ లెక్క పనిచేయదు, ఎందుకంటే తెర మీద బొమ్మ క్షణానికోసారి మారుతుంది. అక్కడ స్పాట్ మీటరింగ్ (ఫ్రేములో చిన్న చోట మాత్రమే కొలిచేది) పెట్టి మొహం మీద కొలువు. మన చామనఛాయ మొహాలు మీటర్ అనుకునే బూడిదకి దగ్గరగానే ఉంటాయి కాబట్టి ఉన్నదున్నట్టు వదిలేయొచ్చు, తెల్లటి మొహమైతే ప్లస్ 0.7 చాలు. ఒక మెలిక ఉంది. కెనాన్‌లో చాలా మోడళ్లలో స్పాట్ ఫ్రేము నడిమధ్యలోనే కొలుస్తుంది, నికాన్‌లో నువ్వు ఎంచుకున్న ఫోకస్ పాయింట్ దగ్గర కొలుస్తుంది. కెనాన్ అయితే మొహాన్ని మధ్యకి తెచ్చి, స్టార్ బటన్‌తో లాక్ చేసి, అప్పుడు ఫ్రేము సర్దుకోవాలి.

కొల్లేరు పక్షులు:
అన్నగారు చెప్పింది నిజమే కానీ "తెలుపైతే ప్లస్" అని బట్టీ పడితే దెబ్బ తింటారు. నేనూ అలాగే తిన్నాను. కొల్లేరులో ఆటపాక దగ్గర నల్లటి నీళ్ల మీద తెల్ల కొంగ. తెలుపే కదా అని ప్లస్ 1 పెట్టాను. కొంగ రెక్కల్లో ఒక్క ఈక గీత కూడా మిగల్లేదు, తెల్ల కాగితం కత్తిరించి అంటించినట్టు వచ్చింది. కొంగ ఫ్రేములో పదో వంతు కూడా లేదు, మిగతాదంతా నల్ల నీళ్లు. మీటర్ ఆ నీళ్లని చూసి అప్పటికే వెలుగు పెంచేసింది, దాని మీద నేనింకా పెంచాను. అక్కడ పెట్టాల్సింది మైనస్ 1.

ఫ్రేములో ఎక్కువ చోటు దేనిదో దాన్ని చూడండి, ఆ తర్వాత మీకు ముఖ్యమైనది ఏదో చూడండి. ఈ రెండూ వేరైతే కాంపెన్సేషన్ గుర్తు కూడా తిరగబడుతుంది. ఫ్రేముని చాలా భాగాలుగా విడదీసి కొలిచే పద్ధతి 1983లో నికాన్ ఎఫ్ఏతో మొదలైంది. నికాన్ దాన్ని మ్యాట్రిక్స్ అంటుంది, కెనాన్ ఎవాల్యుయేటివ్ అంటుంది. అప్పటి నుంచి మీటర్లు తెలివి మీరాయి, ఫోకస్ ఎక్కడుందో కూడా లెక్కలోకి తీసుకుంటాయి. అందుకే మీ ఫొటోలు పూర్తిగా బూడిద కాలేదు, కొంతే అయ్యాయి. మన కాంపెన్సేషన్ కూడా అందుకే ప్రతిసారీ ఒకే అంకె కాదు.

రా (RAW, సెన్సార్ పట్టింది పట్టినట్టు దాచే ఫైలు) పద్ధతిలో తీస్తే ఇంకో సంగతి. నల్లబడినదాన్ని తర్వాత కొంత పైకి లేపొచ్చు, కాస్త గరుకు వస్తుంది. కాలిపోయిన తెలుపుని మాత్రం ఎవరూ వెనక్కి తేలేరు. అందుకే ప్లేబ్యాక్‌లో తెలుపు కాలిన చోట మెరిసే హెచ్చరిక ఆన్ చేసి పెట్టుకోండి. కొంగ మెరిసిందంటే వెంటనే తగ్గించడమే.

కాకినాడ కుర్రోడు:
అర్థమైంది అన్నా, చాలా థ్యాంక్స్. మాన్యువల్ మోడ్‌లో ప్లస్ 1 పెట్టి చూశాను, ఫొటోలో ఏమీ మారలేదే? ఇంకో డౌటు. కల్యాణమండపంలో సెట్టింగులు కదపకుండా వరసగా తీసిన ఐదు ఫొటోల్లో రెండు నల్లగా, మూడు మామూలుగా వచ్చాయి. ఇదీ మీటరేనా?

వరంగల్ పెళ్లిఫొటోల అన్న:
మాన్యువల్‌లో ఎపర్చర్, షట్టర్, ఐఎస్ఓ (వెలుగుని ఎంత పెంచి చూపాలో చెప్పే అంకె) మూడూ నువ్వే బిగించేస్తే కాంపెన్సేషన్‌కి కదపడానికి ఏముంటుంది తమ్ముడూ? ఐఎస్ఓ ఆటోలో పెడితే చాలా కెమెరాల్లో అది ఐఎస్ఓని కదుపుతుంది. వరస ఫొటోల గోల మీటర్‌ది కాదు, లైట్లది. మన కరెంటు 50 హెర్ట్జ్ కాబట్టి ట్యూబులు, చౌక ఎల్ఈడీలు సెకనుకి 100 సార్లు మినుకుతాయి. 1/500 షట్టర్‌తో తీస్తే ఒకదానికి వెలుగు దొరుకుతుంది, ఇంకోదానికి దొరకదు. 1/100కో 1/50కో దించు. కొత్త కెమెరాల్లో ఈ మినుకుని చూసుకుని తీసే యాంటీ ఫ్లికర్ ఉంటుంది, ఉంటే ఆన్ చెయ్.

బెజవాడ బెంచి బాబాయ్:
ఇరవై ఏళ్లుగా కెమెరాలు విప్పుతున్నవాణ్ణి. బాబూ, సెన్సార్ పోలేదు, నిశ్చింతగా ఉండు. అది దుమ్ము.

దుమ్ము సెన్సార్ మీద కూర్చోదు, దాని ముందున్న గాజు ఫిల్టర్ మీద కూర్చుంటుంది. గాజుకీ సెన్సార్‌కీ మధ్య కొంచెం ఎడం ఉంటుంది. ఎఫ్2.8లో, అంటే లెన్సు రంధ్రం పెద్దగా తెరిచినప్పుడు, వెలుగు వెడల్పుగా నలువైపుల నుంచీ వచ్చి పడుతుంది కాబట్టి దుమ్ము నీడ చెదిరిపోతుంది. ఎఫ్16కి మూసేసరికి వెలుగు సన్నటి దారిలో వచ్చి నీడ గట్టిగా పడుతుంది. మండపంలో ఉన్న దుమ్మే బీచ్‌లో బయటపడింది, అంతే. పచ్చగానో ఎర్రగానో సూదిమొనంత చుక్కలు, అదీ రాత్రి పొడుగు ఎక్స్‌పోజర్లలో కనిపిస్తే అవి హాట్ పిక్సెల్స్. వాటిని తుడిస్తే పోవు.

పరీక్ష చెప్తాను. ఐఎస్ఓ 100, ఎఫ్16. ఫోకస్ మాన్యువల్‌లో పెట్టి కావాలనే చెడగొట్టు. తెల్లగోడ ముందు నిలబడి ఒకటి రెండు సెకన్ల ఎక్స్‌పోజర్ ఇస్తూ కెమెరాని అటూ ఇటూ ఊపు. గోడ మీద మరకలు అలికినట్టు పోతాయి, సెన్సార్ మచ్చలు మాత్రం కదలకుండా ఉంటాయి. కంప్యూటర్‌లో నిండు సైజులో చూసి ఎక్కడెక్కడున్నాయో కాగితం మీద గీసుకో. లెన్సు బొమ్మని తలకిందులు చేస్తుంది కదా. మౌంటు (లెన్సు బిగించే చోటు) వైపు నుంచి చూస్తే, ఫొటోలో ఎడమ పైన ఉన్న మచ్చ సెన్సార్ మీద ఎడమ కింద ఉంటుంది. ఇది తెలియక కుడిపక్కంతా రుద్దుకున్నవాళ్లని చూశాను.

ముందు మెనూలో సెన్సార్ క్లీనింగ్ నాలుగైదుసార్లు నడుపు, ఫిల్టర్ని వణికించి దుమ్ము దులుపుతుంది. పోకపోతే రబ్బరు బ్లోయర్. బ్యాటరీ నిండా ఛార్జ్ చేసి, మెనూలో చేత్తో శుభ్రం చేసుకునే ఆప్షన్‌తో అద్దం పైకి లేపి, కెమెరాని మౌంటు కిందికి వచ్చేలా పట్టుకుని ఊదు. బ్లోయర్ మూతి లోపలికి దూర్చకు. మధ్యలో బ్యాటరీ అయిపోతే అద్దం, షట్టర్ వచ్చి ఆ బ్లోయర్ మూతి మీదే పడతాయి. నోటితో ఊదితే తుంపర పడుతుంది. స్ప్రే డబ్బా గాలి వాడితే లోపలి ద్రవం చిమ్మి దుమ్ముకంటే పెద్ద మరక చేస్తుంది. ఇయర్‌బడ్ దూది పోగులు వదులుతుంది.

అప్పటికీ పోకపోతే అది అంటుకున్న దుమ్ము. దానికి తడి స్వాబ్ (క్లీనింగ్ ద్రవం వేసి తుడిచే చదునైన పుల్ల) కావాలి, సెన్సార్ సైజుకి సరిపడేదే కొనాలి. ఏపీఎస్-సీ (చిన్న సైజు సెన్సార్) అయితే 16 ఎంఎం, ఫుల్‌ఫ్రేమ్ (పెద్ద సైజు) అయితే 24 ఎంఎం. రెండు మూడు చుక్కలే వేయాలి. ఒక అంచు నుంచి రెండో అంచుకి ఒకే లాగుడు, తిప్పి రెండో వైపుతో వెనక్కి ఒకే లాగుడు, ఆ స్వాబ్ పారెయ్. చేతులు వణికితే మాత్రం సర్వీసుకి ఇచ్చెయ్, నామోషీ ఏం లేదు.

ఇక దుమ్ము ఎలా వచ్చిందంటావా? తలంబ్రాలు పోస్తుంటే పక్కనే నిలబడి లెన్సు మార్చి ఉంటావు! పసుపు, అక్షింతల నూక, హోమం పొగ, సాంబ్రాణి, సెన్సార్‌కి ఇంతకన్నా శత్రువులు లేరు. లెన్సు మార్చాలంటే గదిలోకి వెళ్లి, ఫ్యాను ఆపి, మౌంటు కిందికి దించి మార్చు. ఉప్పాడలో ఉప్పుగాలి కాబట్టి అక్కడ అసలు విప్పకు.

డాలస్ అక్క:
బాబాయ్ గారూ, ఒక్క మాట కలుపుతాను. ఇక్కడ ఒక సంగీత్‌లో డీజే పెట్టిన లేజర్ నా కెమెరాలోకి సూటిగా కొట్టింది. ఆ రోజు నుంచి ప్రతి ఫొటోలో నిలువుగా ఒక రంగు గీత. అది దుమ్ము కాదు, నిజంగానే కాలింది, సెన్సార్ మార్చాల్సి వచ్చింది. తమ్ముడూ, లేజర్లు తిరుగుతుంటే లెన్సు మూత పెట్టెయ్. మిర్రర్‌లెస్‌లో (లోపల అద్దం లేని కెమెరాలో) సెన్సార్ ఎప్పుడూ తెరిచే ఉంటుంది కాబట్టి ఇంకా జాగ్రత్త.

కొల్లేరు పక్షులు:
తీరప్రాంతం వాళ్లకి దుమ్ముకన్నా బూజు భయం ఎక్కువ. గాలి బిగిసే డబ్బాలో సిలికా జెల్ వేసి, లోపల తేమ 40 నుంచి 50 శాతం మధ్య ఉంచండి. రంగు మారే రకం కొంటే ఎప్పుడు వేడిచేసి ఆరబెట్టాలో తెలుస్తుంది. బియ్యం డబ్బాలో మాత్రం పెట్టకండి, ఆ తవుడంతా కెమెరాలోకే. ఏసీ గదిలోంచి బీచ్‌కి వెళ్లేటప్పుడు కెమెరాని కవర్లో మూసే తీసుకెళ్లి, బయటి వేడికి అలవాటయ్యాకే తెరవండి.

కాకినాడ కుర్రోడు:
బాబాయ్ గారూ, బ్లోయర్‌తో నాలుగు పోయాయి. ఒకటి మాత్రం కదలట్లేదు, కుడి మూల దగ్గర. వచ్చే గురువారం ఇంకో పెళ్లుంది. స్వాబ్ కొననా?

బెజవాడ బెంచి బాబాయ్:
ఎఫ్8లో తీసి చూడు. కనపడకపోతే దాని మానాన దాన్ని వదిలెయ్, పెళ్లిలో నువ్వెలాగూ ఎఫ్4 దాటవు. ఆ నాలుగు రోజుల్లో స్వాబ్ నేర్చుకునేకంటే, ఇంట్లో ఒక తెల్లపంచె ఆరేసి ప్లస్ ఎంత పెట్టాలో చూసుకో.