బౌతా మాస్క్ పూత వేయగానే గడ్డం దగ్గర ముడుచుకుపోతోంది, ఏం చేయాలి?

ఇటలీలోని వెనిస్ కార్నివాల్ ఉత్సవంలో ముఖమంతా కప్పేలా పెట్టుకునే బౌతా మాస్క్‌ను అక్కడి పాత పద్ధతిలోనే కాగితంతో చేస్తున్నాను. దీని కింది భాగం గూడులా ముందుకు పొడుచుకొస్తుంది కాబట్టే మాస్క్ తీయకుండా తినొచ్చు, తాగొచ్చు. ఆ వంపు పోతే అది బౌతానే కాదు. నాకు సరిగ్గా అక్కడే చెడుతోంది.

బంకమట్టి నమూనా మీద ప్లాస్టర్ ఆఫ్ పారిస్ పోసి అచ్చు తీశాను. దాని లోపల వాసెలిన్ రాసి, రెండంగుళాల బ్లాటింగ్ పేపర్ ముక్కలను మైదా జిగురుతో మూడు పొరలు అద్దుతున్నాను. ముక్కలు చేత్తో చించినవే. కత్తిరిస్తే అంచులు రంగు కింద గీతల్లా తేలతాయి. ఒక రోజు ఆరాక ఊడదీసి, సుద్దపొడి, తెల్ల జిగురు, నీళ్లు కలిపిన పూత బయటివైపు వేస్తున్నాను.

ఊడదీసినప్పుడు ఆకారం చక్కగా ఉంటుంది. మొదటి పూత తడికి గడ్డం అంచు అర అంగుళం లోపలికి ముడుచుకుంటోంది. రెండో పూత ఆరేసరికి ముక్కు పక్క మడతలో వెంట్రుకల్లాంటి పగుళ్లు. అక్కడ పూత పేరుకుంటోంది, పగుళ్లకు కారణం అదే అనుకుంటున్నాను.

ముడుచుకోవడం మాత్రం అంతు పట్టట్లేదు. వాసెలిన్ మందమై ప్లాస్టర్ తడి పీల్చక, అచ్చుకు ఆనుకున్న వైపు కాగితం పచ్చిగానే ఉండిపోతోందా? లేక ఒకవైపే పూత వేయడం వల్ల లాగుతోందా? లోపల కూడా పల్చగా ఒక పూత వేస్తే నిలుస్తుందా, అంచులో సన్నటి తీగ పెట్టాలా? ఈ వానాకాలపు తేమలో అచ్చులో ఎన్ని రోజులు ఉంచాలి? సుద్ద, జిగురు ఏ పాళ్లలో కలుపుతారో కొలతతో చెప్పండి, దయచేసి.