క్లబ్బు స్థాయిలో డోపింగ్ జరగదంటే ఎలా నమ్మాలి?

కార్నర్‌కిక్:
2023లో ఇటలీ క్లబ్బు యువెంటస్ ఆటగాడు పోగ్బా నిషేధిత హార్మోన్ టెస్టోస్టెరాన్ పరీక్షలో దొరికినప్పటి నుంచీ ఒకటే మాట వింటున్నాను: తప్పు ఆటగాడిది, క్లబ్బుకేం సంబంధం అని. ఆ కేసు వరకూ సరే. కానీ ఫుట్‌బాల్లో డోపింగ్ అంటే ఎప్పుడూ ఒంటరి ఆటగాడి పొరపాటే అంటే నేనొప్పుకోను.

1998లో అప్పటి రోమా కోచ్ జెమాన్, ఇటలీ ఫుట్‌బాల్ మందుల షాపుల్లోంచి బయటికి రావాలన్నాడు. ఆ మాట మీద ట్యూరిన్ ప్రాసిక్యూటర్ గ్వారినియెల్లో విచారణ మొదలుపెడితే, యువెంటస్ క్లబ్బులో 281 రకాల మందులు బయటపడ్డాయి. వాటిలో చాలావరకు నిషేధ జాబితాలో లేనివే, నన్ను ఎక్కువ కలవరపెట్టేది కూడా అదే. నిక్షేపంలా ఉన్న పాతికేళ్ల కుర్రాళ్లకు గుండె జబ్బు మందులు, డిప్రెషన్ మందులు దేనికి? అదే ఏడాది ఇంకో ఘోరం తెలిసింది. రోమ్‌లోని ఇటలీ ఒలింపిక్ కమిటీ ల్యాబ్ ఫుట్‌బాల్ సాంపిళ్లలో స్టెరాయిడ్ల కోసం సరిగా వెతకనేలేదు. కమిటీ అధ్యక్షుడు పెస్కాంటే రాజీనామా చేయాల్సి వచ్చింది.

ఎడమవింగు:
కార్నర్‌కిక్ గారూ, తీర్పు కూడా చెప్పండి మరి. 2004 నవంబరులో క్లబ్బు డాక్టరు అగ్రికోలాకు 22 నెలల శిక్ష పడింది, నిజమే. 2005 డిసెంబరులో అప్పీలు కోర్టు ఆయన్ని నిర్దోషి అంది. 2007లో పైకోర్టుకు చేరేసరికి కాలపరిమితి దాటిపోయింది. శిక్ష నిలవని కేసును రుజువంటే ఎలా?

ఇంకోటి. జట్టులో పాతికమంది ఉంటారు, ఏటా నలుగురైదుగురు వేరే క్లబ్బుకు పోతారు. బెంచీ మీద కూర్చోబెట్టారన్న కోపంతోనైనా ఒక్కడు నోరు విప్పడా? సైక్లింగ్‌లో ఆర్మ్‌స్ట్రాంగ్ డోపింగ్ గుట్టు విప్పింది పాత సహచరులే కదా.

కార్నర్‌కిక్:
యువెంటస్ డోపింగ్ చేసిందని నేననలేదండీ. ఓ క్లబ్బులో అన్ని మందులున్నా బయటి నుంచి అడిగే దిక్కు లేదన్నాను.

నోరు విప్పడా అన్నారు కాబట్టి ఎసెండన్ సంగతి చూడండి. మెల్‌బోర్న్ క్లబ్బు అది. 2012 సీజన్లో ఆటగాళ్లకు వరసగా ఇంజెక్షన్లు వేశారు, ముందుగా సమ్మతి పత్రాల మీద సంతకాలు తీసుకున్నారు. పరీక్షలో దొరికినవాళ్లు ఒక్కరూ లేరు. డోపింగ్ పరీక్షకు వెళ్లినప్పుడు ఫారంలో ఆ ఇంజెక్షన్ల మాట రాసినవాళ్లూ లేరు. ఈలోగా కొందరు వేరే క్లబ్బులకు మారారు కూడా. చివరికి 2016 జనవరిలో క్రీడా మధ్యవర్తిత్వ న్యాయస్థానం 34 మందిపై నిషేధం వేసింది. ఇక్కడ గుట్టు కాపాడాల్సిన పని కూడా లేదు. సిరంజిలో ఏముందో సరిగా తెలియనివాడు ఏం బయటపెడతాడు? డాక్టరు, కోచ్, క్లబ్బు ముగ్గురూ పర్లేదంటే ఇరవై ఏళ్ల పిల్లాడు చెయ్యి చాపుతాడు.

గోల్‌లైన్:
ఎసెండన్ ఆడేది ఆస్ట్రేలియన్ రూల్స్ అనే వేరే ఆట. మన ఫుట్‌బాల్ కాదు.

కార్నర్‌కిక్:
ఆట వేరే, నిజమే. కానీ జీతమిచ్చే క్లబ్బు, అదే క్లబ్బు జీతం మీద బతికే డాక్టరు, ఆదివారానికి కోలుకోవాలన్న ఒత్తిడి... వీటిలో తేడా ఎక్కడుంది?

ఎడమవింగు:
సరే, జరగడానికి వీలుందని ఒప్పుకుంటాను. కానీ ఇప్పుడు జరుగుతోందని ఏ క్లబ్బు పేరైనా ఎత్తాలంటే ఆధారం కావాలి. అనుమానంతో ఆటగాళ్ల పరువు తీయొద్దు. పైగా మందు వేసుకుంటే పాస్ ఇవ్వడం వస్తుందా?

గోల్‌లైన్:
పాస్ రాదు. కానీ ఎనభయ్యో నిమిషంలోనూ అదే పాస్‌కు పరిగెత్తే ఊపిరి వస్తుంది. ఇక ఆధారం అంటారా, స్పెయిన్‌లో చేతికి చిక్కిన ఆధారాన్నే పారేయబోయారు. 2006లో డాక్టరు ఫ్యుయెంటెస్ దగ్గర, ఆటగాళ్లకు తిరిగి ఎక్కించి సత్తువ పెంచడానికి దాచిన రక్తం సంచులు పట్టుకున్నారు. తన దగ్గరికి ఫుట్‌బాల్ ఆటగాళ్లూ వచ్చేవారని 2013లో ఆయనే కోర్టులో చెప్పాడు. జడ్జి ఆ సంచుల్ని ధ్వంసం చేయమన్నారు! అప్పీలు మీద 2016లో డోపింగ్ వ్యతిరేక సంస్థలకు ఇవ్వమన్నారు గానీ, అప్పటికి పదేళ్లయింది, చర్యకు గడువు అయిపోయింది.

కార్నర్‌కిక్:
అందుకే నేనడిగేది ఒక్కటే. ఆటగాడి మూత్రంతో పాటు క్లబ్బు మందుల రిజిస్టరు కూడా పరీక్షించండి. ఎవరికి, ఏ రోజు, ఏ మందు, ఎందుకిచ్చారో లీగ్ నియమించిన బయటి డాక్టరు చూడాలి. ఎడమవింగు గారూ, తప్పు చేయని క్లబ్బుకు దీనివల్ల నష్టమేంటో చెప్పండి.

ఎడమవింగు:
ఆటగాళ్ల ఆరోగ్య వివరాలు పత్రికలకు పొక్కుతాయి, నష్టం అదే. గోప్యతకు హామీ ఉంటే మాత్రం ఈ రిజిస్టరుకు నా మద్దతు మీకే.