రోబోటిక్స్ అంటే అసలేంటి? వాషింగ్ మెషీన్ కూడా రోబోనేనా?

కొత్త విద్యార్థి:
కాలేజీలో రోబోటిక్స్ ఎలెక్టివ్ తీసుకుందామనుకుంటున్నాను. ఎక్కడ చదివినా "రోబోలు తయారుచేసే శాస్త్రం" అని ఒక్క ముక్కలో తేల్చేస్తున్నారు, రోబో అంటే ఏంటో మాత్రం చెప్పరు. వాషింగ్ మెషీన్ కూడా తనే నీళ్లు పట్టుకుని, ఉతికి, పిండేస్తుంది కదా, దాన్నెందుకు రోబో అనరు? మనిషి ఆకారం ఉండాలా? నిజంగా వీటిని దేనికి వాడుతున్నారు?

సెన్సర్ అభిమాని:
ఆకారంతో పనిలేదు. చుట్టూ ఏముందో సెన్సర్లతో తెలుసుకోవాలి, ఏం చేయాలో తేల్చుకోవాలి, మోటార్లతో చేయాలి, చేశాక మళ్లీ చూసుకోవాలి. 2012లో అంగారకుడి మీద దిగిన క్యూరియాసిటీ రోవర్‌నే (చక్రాల మీద తిరిగే రోబో) తీసుకోండి. సిగ్నల్ ఒకవైపు చేరడానికే దూరాన్ని బట్టి సుమారు 3 నుంచి 22 నిమిషాలు పడుతుంది కాబట్టి, రాయి అడ్డొచ్చిందని మనం చూసి ఆపమని చెప్పేలోపు అంతా అయిపోతుంది. దారి కొంతైనా అదే చూసుకోవాలి.

లైన్ మెయింటెనెన్స్:
పై మాటతో పూర్తిగా ఏకీభవించను. నేను పనిచేసే వెల్డింగ్ లైన్లో చాలా రోబోలకు కళ్లే లేవు. టీచ్ పెండెంట్ (రోబోని కదిపే రిమోట్ లాంటిది) పట్టుకుని ఒక్కో పాయింటూ మేమే నేర్పిస్తాం, అది రోజంతా అవే పాయింట్లకు వెళ్తుంది. పార్ట్‌ని పట్టి ఉంచే ఫిక్స్చర్‌లో పార్ట్ రెండు మిల్లీమీటర్లు జరిగితే వెల్డ్ పక్కన పడుతుంది, దానికి ఆ సంగతే తెలియదు. 1961లో జనరల్ మోటార్స్ ఫ్యాక్టరీలో పెట్టిన యూనిమేట్ అనే రోబో కూడా అంతే, కాలిపోతున్న లోహపు పోతలను అచ్చుల్లోంచి తీసి పక్కన పెట్టేది. మనిషి చేయి పెట్టకూడని పని. రోబో అన్న మాట కూడా వెట్టిచాకిరీ అని అర్థమిచ్చే చెక్ పదం నుంచే వచ్చింది.

నా లెక్కలో అసలు తేడా, ప్రోగ్రామ్ మారిస్తే పని మారాలి. చివరన వెల్డింగ్ గన్ తీసి గ్రిప్పర్ పెడితే అదే చేయి డబ్బాలు సర్దుతుంది. వాషింగ్ మెషీన్‌కి ఏ ప్రోగ్రామ్ పెట్టినా ఉతకడమే.

సెన్సర్ అభిమాని:
ఈ తేడా బాగుంది, ఒప్పుకుంటున్నాను. కాకపోతే మీ రోబోకీ కీళ్లలో, ఎంత తిరిగిందో కొలిచే ఎన్‌కోడర్లు ఉంటాయి, తన చేయి ఎక్కడుందో దానికి తెలుసు. బయటి లోకమే తెలియదు.

కొత్త విద్యార్థి:
మరి ఆపరేషన్లు చేసే రోబోలు?

లైన్ మెయింటెనెన్స్:
డావిన్సీ లాంటివాటిలో నిర్ణయాలన్నీ డాక్టరువే. కన్సోల్ దగ్గర కూర్చుని చేతులు కదిపితే, ఆ కదలికను చిన్నదిగా చేసి, వణుకు తగ్గించి లోపలి పరికరాలకు అందిస్తుంది. ఎలెక్టివ్ తీసుకునే ముందు ల్యాబ్ ఉందో లేదో కనుక్కోండి. మోటారు మీ చేత్తో తిప్పకుండా కంట్రోల్ థియరీ (యంత్రాన్ని అనుకున్నట్టు కదిలించే లెక్కలు) చదివితే బుర్రకెక్కదు.