బడి వర్క్‌షాపుకు ఉలులు: కంపెనీవా, ఆటోనగర్ కొలిమివా?

గుంటూరు_సైన్స్
మాది గుంటూరు శివారులోని ఉన్నత పాఠశాల. పూర్వ విద్యార్థులు పనిముట్ల కోసం యాభై వేల రూపాయలు ఇచ్చారు. ఎనిమిదో తరగతిలో 42 మంది ఉన్నారు. ఏడుగురు చొప్పున ఆరు జట్లు చేసి చెక్కపని, రేకుపని, కొద్దిగా వైరింగు నేర్పించాలని ఉంది. నేను భౌతికశాస్త్రం చెబుతాను, ఉలి పట్టి ఎరుగను. విజయవాడ వన్‌టౌన్‌లో ఒక దుకాణదారుడు వంద వస్తువులున్న పెట్టె చూపించి ఇలాంటివి ఆరు తీసుకోమన్నాడు. అవి పదేళ్లు నిలుస్తాయా? తెలిసినవారు చెప్పండి.

ఉలిపిడి
ఆ పెట్టె కొనకండి. అలాంటి పెట్టెల్లో ముప్పాతిక వంతు స్క్రూడ్రైవర్ మొనలు, సాకెట్లే ఉంటాయి. చెక్కపనికి అవి ఎందుకు? ముందు చెక్కను కదలకుండా బిగించి పట్టే బెంచి వైసులు కొనండి. నాలుగు అంగుళాలవి మూడు చాలు. వైసు గట్టిగా లేకపోతే ఎంత మంచి రంపమైనా పిల్లవాడి చేతిలో వంకరగానే పోతుంది. సుత్తులు రెండు వందల గ్రాములవి తీసుకోండి. అరకిలో సుత్తి పదమూడేళ్ల పిల్లల మణికట్టుకు బరువు. కటింగ్ ప్లేయర్లు మాత్రం నాసిక్‌లో తయారయ్యే టపారియావే కొనండి, అక్కడ పైసలు చూసుకోవద్దు.

ఉలులకు ఆటోనగర్ వెళ్లండి. పాత లారీ కమాను పట్టీతో కమ్మరి కొట్టి ఇచ్చే ఉలి కంపెనీ ఉలిలో మూడో వంతు ధరకు వస్తుంది. అది స్ప్రింగు ఉక్కు. ఎర్రగా కాల్చి, నూనెలో ముంచి, మళ్లీ లేత గడ్డి రంగు వచ్చేదాకా వేడి చేస్తే పదును నిలుస్తుంది. మా నాన్న ఆటోనగర్‌లో లారీ బాడీలు కట్టారు. ఆయన ఉలులు రెండు ఇప్పటికీ నా దగ్గర పని చేస్తున్నాయి.

క్రాఫ్ట్_మాస్టారు
నేను ఉన్నత పాఠశాలల్లో క్రాఫ్ట్ ఉపాధ్యాయుడిగా పనిచేసి పదవీ విరమణ చేశాను. వైసు గురించి, సుత్తి బరువు గురించి పై సభ్యులు చెప్పింది నిజం. ఉలుల విషయంలో మాత్రం ఒప్పుకోను. కమాను పట్టీ లక్షల సార్లు వంగి లేచిన ఉక్కు, లోపల కంటికి కనబడని పగుళ్లు ఉండవచ్చు. పిల్లవాడు సుత్తితో కొడుతున్నప్పుడు ముక్క ఎగిరి కంట్లో పడితే ఎవరిది బాధ్యత? కంపెనీ ఉలి మీద గుర్తు ఉంటుంది, బిల్లు ఉంటుంది. ఆడిట్ వచ్చినప్పుడు కమ్మరి పేరు చెబితే ఒప్పుకోరు.

పటమట_అమ్మ
మా అమ్మాయి బడిలో అబ్బాయిలకు చెక్కపని, అమ్మాయిలకు కుట్టుపని అన్నారు. మీ ఆరు జట్లలో అమ్మాయిలు ఉన్నారా?

గుంటూరు_సైన్స్
ఉన్నారండి. 42 మందిలో 23 మంది అమ్మాయిలే. అందరికీ ఒకే పని.

ఉలిపిడి
మాస్టారూ, పగులు ఉన్న పట్టీని కమ్మరి కొలిమిలో పెట్టడు. పెట్టినా కొట్టేటప్పుడే విడిపోతుంది, సుత్తి దెబ్బ కంటే పెద్ద పరీక్ష ఏముంది? ఇక ముక్క ఎగరడం సాధారణంగా ఇనుము కోసే ఉలి తలకు జరుగుతుంది. దెబ్బలకు తల పుట్టగొడుగులా విచ్చుకుని అంచులు రాలతాయి. కంపెనీదైనా, కమ్మరిదైనా ఆ అంచును అరగదీయకపోతే రాలుతుంది. చెక్క ఉలికి కర్ర పిడి ఉంటుంది, దాన్ని చెక్క సుత్తితో కొడతారు. మీరు రెండు ఉలుల ప్రమాదాన్ని ఒకటిగా చెబుతున్నారు.

ఉలి మంచిదో కాదో తెలుసుకోవడానికి కొత్త ఆకురాయిని, అంటే అరగదీసే ఇనుప ఫైలును, అంచుకు దగ్గరగా తేలికగా ఒక్కసారి రాయండి. జారిపోతే ఉక్కు గట్టిది. ఇట్టే కొరికితే మెత్తది, వేపచెక్కకే వంగిపోతుంది. ఈ పరీక్షలో కంపెనీవి కూడా ఓడిపోవడం చూశాను.

కృష్ణలంక
హాక్సా బ్లేడు పళ్లు పిడి వైపు బిగించాలా, అవతలి వైపా? మా అబ్బాయి వారానికి మూడు విరుస్తున్నాడు.

ఉలిపిడి
అవతలి వైపు, అది తోసేటప్పుడు కోస్తుంది. సన్న రేకుకు అంగుళానికి 32 పళ్ల బ్లేడు, మామూలు ఇనుముకు 24 వాడమనండి. ఎప్పుడూ కనీసం మూడు పళ్లు లోహం మీద ఉండాలి, లేకపోతే పన్ను చిక్కుకుని బ్లేడు విరుగుతుంది. ఆకురాయీ అంతే, ముందుకు తోసేటప్పుడే అరగదీస్తుంది. వెనక్కి లాగేటప్పుడు అదిమితే పళ్లు మొద్దుబారతాయి.

క్రాఫ్ట్_మాస్టారు
నా ప్రశ్నకు జవాబు రాలేదు. బిల్లు ఎక్కడ? బడి మీ ఇంటి పని కాదు, ప్రతి వస్తువూ స్టాకు రిజిస్టరులో ఎక్కాలి.

ఉలిపిడి
నిలిచే ఉలి గురించి అడిగితే మీరు నిలిచే కాగితం గురించి చెబుతున్నారు. నేను చదివిన బడిలోనూ కంపెనీ పనిముట్లే ఉండేవి. ఆకుపచ్చ బీరువాలో, నూనె కాగితంలో చుట్టి ఉండేవి. ఐదేళ్లలో ఆ బీరువా రెండుసార్లు తెరిచారు, రెండుసార్లూ ఇన్‌స్పెక్షన్ రోజే. ఒకసారి ధైర్యం చేసి అడిగితే మా మాస్టారు "మీ నాన్న చేసే పనే కదా, ఇక్కడ నీకెందుకు, చదువుకో" అన్నారు. అది నా మంచి కోసమే అన్నారని ఇప్పుడు అనుకోగలను. ఆ రోజు మాత్రం మా నాన్న పని తక్కువదని బడి చెప్పినట్టు విన్నాను. ఇంటికి వెళ్లి ఆయన ముఖం చూడలేకపోయాను.

పెదకాకాని_శ్రీ
ఇద్దరూ కొంచెం శాంతించండి. ఆకురాళ్ల ధర ఎవరైనా చెప్పగలరా?

క్రాఫ్ట్_మాస్టారు
శాంతంగానే చెబుతాను. నేనూ ఆ బీరువా తాళం వేసినవాణ్ణే. మొదట వేసేవాణ్ణి కాదు. మొదటి ఎనిమిదేళ్లు నా గది ఎప్పుడూ తెరిచే ఉండేది. మధ్యాహ్నం భోజనం కాగానే పిల్లలు వచ్చి పీటలు, పలకల చట్రాలు చేసేవారు. ఆ తరువాత బదిలీ వచ్చింది. చార్జి అప్పగించే రోజు రిజిస్టరుతో సరిచూస్తే పదకొండు వస్తువులు లేవు. అందులో నాలుగు ఆకురాళ్లు, అరిగి పారేసినవి. అరిగాయని చెబితే అరిగిన ముక్కలు చూపించమన్నారు. మొత్తం నా జీతంలో పట్టుకున్నారు. ఆ నెల మా పెద్దమ్మాయి కాలేజీ ఫీజుకు చేబదులు తెచ్చాను. కొత్త ఊళ్లో బీరువాకు తాళం వేశాను, రిటైరయ్యేదాకా తీయలేదు. మీ మాస్టారు ఎందుకు వేశారో నాకు తెలియదు, నేను ఇందుకు వేశాను.

1937లో వార్ధాలో గాంధీజీ చేతిపనే చదువుకు కేంద్రం కావాలన్నారు. 2020 జాతీయ విద్యా విధానం ఆరు నుంచి ఎనిమిది తరగతుల మధ్య పది రోజులు పుస్తకాల సంచి లేకుండా వడ్రంగుల దగ్గర, కుమ్మరుల దగ్గర నేర్చుకోమంది. మాటకు కొదవ లేదు. అరిగిన ఆకురాయిని అరిగిందని రాసుకునే గడి మాత్రం నా రిజిస్టరులో లేదు.

ఉలిపిడి
మాస్టారూ, ఇది మొదటే చెప్పవలసింది. నేను ఉలి గురించి వాదిస్తున్నాననుకున్నాను. జీతంలో పట్టుకోవడం అన్యాయం.

అయినా ఒకటి అడగాలి. ఆ తాళం వల్ల మీ జీతం నిలిచింది. ఆ ఏళ్లలో మీ దగ్గర చదివిన పిల్లలకు ఏం మిగిలింది?

క్రాఫ్ట్_మాస్టారు
ఏమీ మిగలలేదు. అది నాకు తెలుసు, మీరు చెప్పనక్కరలేదు.

సింగ్‌నగర్_వాసి
2024 సెప్టెంబరులో బుడమేరు నీళ్లు మా ఇంట్లో నాలుగు రోజులు నిలిచాయి. పెట్టెలో దాచిన పనిముట్లన్నీ తుప్పు పట్టి అతుక్కుపోయాయి. రోజూ వాడే సుత్తి, పట్టకారు పక్కింటివాళ్ల డాబా మీద ఉండి బతికాయి. కింది అరలో మాత్రం పెట్టకండి.

గుంటూరు_సైన్స్
నిన్న మా ప్రధానోపాధ్యాయురాలితో కూర్చున్నాను. వంద వస్తువుల పెట్టెలు కొనడం లేదు. వైసులు, కటింగ్ ప్లేయర్లు, సుత్తులు, మూలమట్టాలు బిల్లుతో కొని శాశ్వత వస్తువుల రిజిస్టరులో రాస్తాం. ఆకురాళ్లు, హాక్సా బ్లేడ్లు, గరుకు కాగితం, మేకులు వాడి పారేసే వస్తువుల రిజిస్టరులోకి వెళతాయి. అరిగితే కొట్టేసి సంతకం పెడతానని మేడమ్ మాట ఇచ్చారు. మాస్టారు చెప్పింది వినిపించాకే దీనికి ఒప్పుకున్నారు.

ఉలులు సగం సగం. కంపెనీవి ఆరు, కొలిమివి ఆరు. కొలిమివాటికి పూర్వ విద్యార్థులు విడిగా డబ్బు ఇస్తారు, అవి విరాళంగా రాసుకుంటాం. నూనెరాయి రెండు. నాకు సాన పట్టడం రాదు, ముందు నేనే నేర్చుకోవాలి.

క్రాఫ్ట్_మాస్టారు
కొలిమి ఉలుల మీద నా అభ్యంతరం అలాగే ఉంది. పిల్లల చేతికి ఇచ్చే ముందు ఒక్కోదాన్ని గట్టి తుమ్మకర్ర మీద మీరే యాభై దెబ్బలు కొట్టి చూడండి. కళ్లద్దాలు పెట్టుకుని కొట్టండి. ఆకురాళ్లకు పిడులు తప్పక బిగించండి. పిడి లేని ఆకురాయి తోక అరచేతిలో దిగడం నా కళ్లతో చూశాను. సాన పట్టడానికి ఉలి వాలు పాతిక, ముప్పై డిగ్రీల మధ్య ఉంచండి. కంపాస్ పెట్టెలో కోణమానిని ఉంటుంది కదా, పిల్లలచేతనే కొలిపించండి.

ఉలిపిడి
సాన పట్టడం నేర్పడానికి ఆదివారం తప్ప ఏ రోజైనా వస్తాను. బీరువా తాళం ఎవరి దగ్గర ఉంటుంది?

గుంటూరు_సైన్స్
మేడమ్ గదిలో మేకుకు వేలాడుతుంది. పిల్లల నాయకులు ఇద్దరు వచ్చి తీసుకోవచ్చు.

ఉలిపిడి
మేడమ్ సెలవు పెట్టిన రోజు?