ఈగ పిల్లపురుగులో ఏ కండరం ఎక్కడ ఉండాలో ఎవరు చెప్తారు?

విజయనగరం నుంచి, బీఎస్సీ జువాలజీ:
మా పెరట్లో పనసపండు కోస్తే ముసిరిన చిన్న ఈగల్ని, మగ్గిన అరటిపండు వేసిన సీసాలో పెంచుతున్నాను. ఒక సంగతి మాత్రం బుర్రలోంచి పోవడం లేదు. పిల్లపురుగు పొట్ట దగ్గర ఒక్కో ఖండానికి, ఒక్కో పక్కన 30 కండరాలట. ఏ పురుగులో చూసినా అదే చోటు, అదే ఆకారం. ఎలా? పురుగు ఈగగా మారే ప్యూపా దశలో ఇవి కరిగిపోతే రెక్కల కండరాలు ఎక్కణ్ణుంచి వస్తాయి?

శ్రీకాకుళం నుంచి, రిటైరైన లెక్చరర్:
తల్లీ, ముందు ఒక మాట. మన మామిడికాయల్ని పాడుచేసే పండు ఈగ వేరు, నీ సీసాలో ఉన్నది డ్రోసోఫిలా.

దాని పిల్లపురుగులో ఒక్కో కండరం ఒకే ఒక్క పోగు. దానికి పునాది వేసేది ఒక్క కణం. మధ్యస్త్వచంలో, అంటే పిండంలో కండరాలు పుట్టే పొరలో, మొదట సమానంగా ఉన్న కణాల గుంపులోంచి, నాచ్ అనే కణాల మధ్య సంకేతంతో పక్కవాటిని ఆపి ఒకటి ముందుకొస్తుంది. అది చీలేటప్పుడు నంబ్ అనే ప్రోటీన్ ఒక పిల్లకణానికే దక్కుతుంది. అందుకే అక్కచెల్లెళ్ళిద్దరూ ఒకేలా ఉండరు. క్రుపెల్, ఎస్59, అప్టెరస్ లాంటి జన్యువుల్లో ఏవి పనిచేస్తున్నాయన్న దాన్నిబట్టి ఆ పునాది కణం ఏ కండరమో తేలుతుంది. మిగతా కణాలు వచ్చి దానిలో కలిసిపోతాయి. పెద్ద కండరాల్లో పాతిక దాకా కేంద్రకాలు చేరతాయి.

నాకు అన్నిటికన్నా ఇష్టమైన రుజువు మయోబ్లాస్ట్ సిటీ మ్యూటెంట్, అంటే ఆ పేరున్న జన్యువు పాడైన ఈగ. అందులో కణాలు కలవవు. అయినా పునాది కణం ఒంటరిగానే తన చోటికి సాగి, సరైన దిశలో అతుక్కుంటుంది. క్లాసులో ఇది చెప్పిన ప్రతిసారీ నాకు ఒళ్ళు పులకరించేది.

రెక్కల సంగతి: కొన్ని చోట్ల అక్కచెల్లెళ్ళలో ఒకటి కండరం అవ్వకుండా, ట్విస్ట్ అనే జన్యువుని పనిచేయిస్తూనే ఎదురుచూస్తుంది. పెద్ద ఈగ కండరాలు ఆ కణాల సంతానమే. ఛాతీలో ఒక్కో పక్కన మూడు పాత కండరాలు మాత్రం కరగకుండా మిగిలి, నిలువునా చీలి ఆరవుతాయి. కొత్త కణాలు వాటినే అచ్చుగా వాడుకుంటాయి. మన దేశపు జీవశాస్త్రవేత్త విజయరాఘవన్ గారు, కేంబ్రిడ్జ్ శాస్త్రవేత్త మైకేల్ బేట్, సహచరులు 1991లో దీన్ని చూపించారు.

విజయనగరం నుంచి:
మాస్టారూ, మా మామూలు మైక్రోస్కోప్‌లో కనిపిస్తాయా?

బొబ్బిలి నుంచి:
కనిపిస్తాయి చెల్లీ. పాడైన కాలిక్యులేటర్ డిస్‌ప్లే నుంచి పోలరైజర్ ఫిల్మ్ (ఒకే దిశలో కంపించే వెలుతుర్ని మాత్రం వదిలే పొర) తీసి రెండు ముక్కలు చెయ్యి. ఒకటి స్లైడ్ కింద, ఒకటి పైన పెట్టి, వెలుతురు ఆగేదాకా పైదాన్ని తిప్పు. చిన్న పిల్లపురుగుని నీటిచుక్కలో మెల్లగా నొక్కితే, చీకట్లో కండరాలొక్కటే మెరుస్తాయి.

విజయనగరం నుంచి:
చూశానన్నా! రెండు పురుగుల్లో ఒకే ఖండం పక్కపక్కన గీశాను. నా గీతలు వంకరేగానీ, కండరాల వరస మాత్రం ఒక్కటే.