కథ పైన పెట్టే ‘హెచ్చరిక’ గురించి

గ్రూపులోని పెద్దలకు నమస్కారం. ఒక మాట దగ్గర ఆగిపోయాం, మీరు తేల్చాలి.

ఫ్యాన్ ఫిక్షన్ సంగతి కొందరికి తెలిసే ఉంటుంది. సినిమాలోనో సీరియల్లోనో ఉన్న పాత్రలను తీసుకుని అభిమానులు సొంతంగా కథలు అల్లుకుంటారు, డబ్బుల కోసం కాదు, ఇష్టం కొద్దీ. కడపలో అలా రాసే అమ్మాయిలు కొందరు నాకు తెలుసు. వాళ్ళ కథల్లో అచ్చుతప్పులు, అతకని వాక్యాలు చూసిపెడుతుంటాను. వాళ్ళ లోకంలో ఈ పని చేసేవాళ్ళను ‘బీటా’ అంటారట. మరి ఆల్ఫా ఎవరమ్మా అంటే నవ్వుతారు.

మొన్న ఒకమ్మాయి పంపిన కథ చూడండి. ఒక ఫ్యాక్షన్ సినిమా హీరోకూ, అవతలి వర్గం పెద్దమనిషి తమ్ముడికీ మధ్య ప్రేమ. పైన ఇలా రాసింది: “హెచ్చరిక! ఇందులో ఇద్దరు మగవాళ్ళ ప్రేమ ఉంది. ఇష్టం లేనివాళ్ళు చదవకండి.” సరే అని మొదలుపెట్టాను. రెండో భాగంలో బస్టాండులో పట్టపగలు ఒకతన్ని వేటకొడవళ్ళతో నరుకుతారు. తెగిన చెయ్యి సోడాబండి కిందికి దొర్లడం, వేళ్ళు ఇంకా కదులుతూ ఉండడం, అన్నీ అర పేజీ. మూడో భాగంలో వాళ్ళిద్దరూ ఊరి బయట హోటల్లో ఒకే ప్లేటులో ఎర్రకారం దోసె తింటారు. ఒకడు కారం అంటని అంచు తుంచి రెండోవాడి వైపు జరుపుతాడు. ప్రేమ అంటే కథ మొత్తంలో అంతే. హెచ్చరిక దోసెకు ఉంది, చేతికి లేదు!

సీమ అంటే నరుక్కోవడమే అని సినిమావాళ్ళు చూపిస్తే మనకు ఒళ్ళు మండుతుంది. మన పిల్లలే దాన్ని మామూలు సంగతిగా రాస్తే ఏమనాలి?

నా మటుకు, జంట ఎవరెవరో చెప్పడం వివరం. చదివేవాళ్ళ మనసుకు దెబ్బ తగిలేది ముందుగా చెప్పడం హెచ్చరిక. రెండింటినీ ఒకే గాటన కట్టకూడదు. ఆడామగా ప్రేమకథ పైన ఎవరూ హెచ్చరిక పెట్టరు కదా.

ఈ ముడి విప్పుకోవడానికి ఆ లోకానికి కూడా చాలా ఏళ్ళే పట్టింది. 1970ల్లో అమెరికాలో స్టార్ ట్రెక్ అనే టీవీ సీరియల్ అభిమానులు, ఎక్కువగా ఆడవాళ్ళు, అందులోని కర్క్, స్పాక్ అనే ఇద్దరు మగ పాత్రలను ప్రేమికులుగా రాసి, చిన్న చిన్న పత్రికలుగా అచ్చేసుకుని పంచుకునేవాళ్ళు. ఆ రెండు పేర్ల మధ్య గీసిన ఏటవాలు గీత (ఇంగ్లీషులో స్లాష్) వల్లే అలాంటి కథలకు ‘స్లాష్’ అన్న పేరు వచ్చింది. ఇంటర్నెట్ వచ్చాక కూడా చాలాకాలం కథ పైన ‘వార్నింగ్: స్లాష్’ అని పెట్టి, ‘నచ్చకపోతే చదవొద్దు’ అని చేర్చడం మామూలుగా ఉండేది. 2009లో జనానికి తెరుచుకున్న ఆర్కైవ్ ఆఫ్ అవర్ ఓన్ అనే ఫ్యాన్ కథల సైటులో ఈ రెండూ విడిపోయాయి. అక్కడ అసలు వార్నింగులు నాలుగే: తీవ్రమైన హింస వర్ణన, ముఖ్యపాత్ర చావు, అత్యాచారం, మైనర్ల లైంగిక విషయాలు. మగా మగా, ఆడా ఆడా, ఆడా మగా అన్నది వేరే గడి. ఆడామగా కథకు కూడా ఆ గడి ఉంది, నాకు నచ్చింది అదే.

మరి తెలుగులో కథ పైన ఏం రాయాలి?

కర్నూలు, రిటైరైన తెలుగు పండితులు: ‘హెచ్చరిక’ మీద అంత కోపం వద్దమ్మా. రాజు సభకు వస్తుంటే ముందు నడిచేవాళ్ళు పలికేదీ హెచ్చరికే. త్యాగరాజస్వామి ‘హెచ్చరికగా రారా’ అని రాముణ్ణి పిలిచింది ప్రమాదం ఉందని కాదు, పదిలంగా రమ్మని. ఆ అర్థంలోనే రాసిందనుకుంటే సరిపోతుంది.

నేను: ఆ కీర్తన నాకూ ఇష్టమే సార్. కానీ ఇప్పుడు ఆ మాట కనబడేది సిగరెట్ పెట్టె మీద, వినబడేది తుఫాను వార్తల్లో, డ్యాము గేట్లు ఎత్తేముందు. అవి విన్న చెవికి ఆ కీర్తన యదుకులకాంభోజి రాగం ఎక్కడ గుర్తొస్తుంది?

అనంతపురం, ఇద్దరు పిల్లల తల్లి: నేను మాత్రం హెచ్చరిక ఉండాలనే అంటాను. మా పాప తొమ్మిదో తరగతి. ఫోన్లో ఏం చదువుతోందో నాకు తెలియాలి కదప్పా. ఇట్లాంటివి మనకు అలవాటు లేనివి.

నేను: తెలియాలి మేడమ్, కాదనను. ఏ వయసుకు ఏది తగునో చెప్పేది రేటింగు, అది విడిగా ఉంటుంది. పాపకు పడగ్గది వర్ణన వద్దంటే ఆడామగా అయినా వద్దే. ఒకే ప్లేటులో తింటే పరవాలేదంటే ఇద్దరు మగవాళ్ళు తిన్నా పరవాలేదు. మనకు అలవాటు లేదన్న మాట నిజమే, దాన్ని తీసుకొచ్చి కథ నెత్తిన పెట్టడమే నాకు నచ్చదు.

అనంతపురం తల్లి: మీరు నన్ను ఒప్పించారని కాదు గానీ, రేటింగు మాట బాగుంది.

కడప, విలేకరి: ‘స్వలింగ సంపర్కం’ అని ట్యాగు పెడితే పోదా? పత్రికల్లో మేం వాడేది అదే.

నేను: వద్దు సార్. 2018 సెప్టెంబరు 6న సుప్రీంకోర్టు 377వ సెక్షన్ మీద తీర్పు చెప్పినప్పుడు ఆ మాట అతికింది. ఆ సెక్షన్‌కు కావలసింది సంపర్కమే, ప్రేమతో దానికి పని ఉండేది కాదు. దోసె కథకు ఆ ట్యాగు తగిలిస్తే, చదివేవాడు ‘ఆ సీను’ కోసం చివరిదాకా వెతుక్కుని, దొరక్క రాసినామెను తిడతాడు. ‘స్వలింగ ప్రేమ’ అనొచ్చు. నాకైతే ‘జంట: ఇద్దరూ మగవాళ్ళు’ అంటే చాలు.

కర్నూలు పండితులు: ఆ ఏటవాలు గీత మాత్రం మనకు పనికిరాదు. మన దగ్గర దాన్ని ‘బై’ అంటాం. డోర్ నంబరు నలభై బై మూడొందల పన్నెండు. సినిమా సర్టిఫికెట్‌ను కూడా యూ బై ఏ అనేవాళ్ళం. ప్రతాప్ బై శేఖర్ అంటే భాగహారం అనుకుంటారు. పోనీ సమాసం చేద్దామా అంటే అదీ చిక్కే. సీతారాములు ఆలుమగలు, రామలక్ష్మణులు అన్నదమ్ములు, కృష్ణార్జునులు బావాబావమరుదులు. ద్వంద్వ సమాసం అందరినీ ఒకే చాప మీద కూర్చోబెడుతుంది.

నేను: అందుకే ఫ్యాన్ కథలవాళ్ళు రెండు గుర్తులు పెట్టుకున్నారు సార్. ఏటవాలు గీత ఉంటే ప్రేమ, ‘అండ్’ గుర్తు ఉంటే స్నేహమో చుట్టరికమో. మనకు గుర్తులెందుకు, ‘ప్రేమ’, ‘స్నేహం’ అని మాటల్లోనే రాసుకుందాం.

ఆ కథ రాసిన అమ్మాయి: అక్కా, మీరంతా చదివేవాళ్ళ వైపు నుంచే మాట్లాడుతున్నారు. ఆ హెచ్చరిక నేను వాళ్ళ కోసం పెట్టలేదు, నా కోసం పెట్టుకున్నా. పోయిన కథకు పెట్టలేదు. దాని కింద ఏమేం రాసినారో మీకు చూపించలేదు నేను. ఒకాయన మా కాలేజీ పేరు అడిగినాడు. హెచ్చరిక ఉంటే ‘ముందే చెప్పినా కదా, ఎందుకొచ్చినావ్’ అనొచ్చు. నరికినదానికి నన్నెవరూ తిట్టలేదు, దానికెందుకు పెడతా?

నేను: ముందు ఆ కాలేజీ పేరు అడిగినవాణ్ణి బ్లాక్ చెయ్యి, స్క్రీన్‌షాట్లు దాచి ఉంచు. ఆ రోజుల్లో ‘వార్నింగ్: స్లాష్’ అని రాసినవాళ్ళలోనూ ఈ భయం ఉండేది. 2007లో లైవ్‌జర్నల్ అనే బ్లాగుల సైటులో వందల ఖాతాలను ఒక్కసారిగా మూసేసినప్పుడు ఫ్యాన్ కథల గుంపులు కూడా అందులో పోయాయి. చదివేవాళ్ళు నొచ్చుకుంటారని పెట్టేదీ, వాళ్ళు మీద పడతారని పెట్టేదీ, రెండింటికీ మనం ఒకే పేరు పెట్టి కూర్చున్నాం. ఎవరైనా దబాయిస్తే చూపించడానికి నీకొక రాత కావాలి, అది ఉండాల్సిందే. కానీ ‘హెచ్చరిక’ అని రాస్తే తప్పు నీ కథలోనే ఉందని నువ్వే ఒప్పుకున్నట్టుంటుంది. పేరు కిందే ‘ఇద్దరు మగవాళ్ళ ప్రేమకథ’ అని రాసెయ్. ముందే చెప్పినా కదా అనే హక్కు అప్పుడూ ఉంటుంది.

అమ్మాయి: సరే అక్కా. ‘హెచ్చరిక: 2వ భాగంలో నరకడం, రక్తం’ అని దాన్ని కిందికి మారుస్తా. ఇంకో సంగతి. చివర్లో ఇద్దరిలో ఒకడు చచ్చిపోతాడు. అదీ పైనే చెప్పేస్తే ఇంక చదివేదేముంది?

నేను: దానికీ ఆ ఆర్కైవ్‌లో దారి ఉంది. వార్నింగులు ఎంచుకునే చోట ఇంకో రెండు గడులు ఉంటాయి. ‘వార్నింగు ఇవ్వాల్సినవి ఇందులో లేవు’ అని ఒకటి, ‘వార్నింగులు వాడదలచుకోలేదు’ అని ఇంకొకటి. రెండోది చూసి కూడా లోపలికి వచ్చినవాళ్ళు ఏదైనా జరగొచ్చని తెలిసే వస్తారు. చిక్కల్లా మన తెలుగుతోనే. పిల్లలంతా ‘వార్నింగులు లేవు’ అని రాసేస్తున్నారు. కథలో భయపడాల్సింది ఏమీ లేదనా, ఉన్నా చెప్పలేదనా?

కర్నూలు పండితులు: ‘హెచ్చరించాల్సినవి లేవు’ ఒకటి, ‘హెచ్చరికలు చెప్పడం లేదు’ ఒకటి. క్రియ మారిస్తే సరిపోయింది.

అమ్మాయి: సార్, రెండోది తీసుకుంటున్నా. నరికేది మాత్రం చెప్తా, చావు గురించి చెప్పను.

అనంతపురం తల్లి: ఇక్కడ మా అందరికీ చెప్పేసినావు కదమ్మా! పోయేది హీరోనా, ఆ తమ్ముడా? అది చెప్పు ముందు.