హోర్డ్ అంటే మూకేనా?

ఒక చరిత్ర వ్యాసం తెలుగు చేస్తూ 'గోల్డెన్ హోర్డ్' దగ్గర ఆగిపోయాను. నిఘంటువులో గుంపు, మూక, మంద అని ఉంది. 'బంగారు మూక' అని రాసి, పైకి చదువుకుని, నవ్వొచ్చి కొట్టేశాను. దొంగల ముఠా పేరులా ఉంది. నిజానికి అది చెంగిజ్ ఖాన్ మనవడు బతు ఖాన్ వంశం వోల్గా దిగువన సరాయ్ రాజధానిగా ఏలిన రాజ్యం.

మూలం తుర్కీ, మంగోలు భాషల 'ఒర్దు', 'ఒర్దా'. మొదట ఖాన్ గుడారం, దాని చుట్టూ దిగిన విడిది అని అర్థం. ఆ తర్వాత కొలువు, సైన్యం అన్నీ అందులో చేరాయి. ముందున్న 'హ' పోలిష్ భాషలో తగులుకుందంటారు. 16వ శతాబ్దంలో ఇంగ్లీషుకు చేరాక మెల్లగా గుడారం జారిపోయి గుంపు మిగిలింది.

ఆ విడిది ఎలా ఉండేదో 1330లలో ఆ రాజ్యాన్ని ఏలుతున్న ఉజ్బెగ్ ఖాన్ దగ్గరికి వెళ్ళిన యాత్రికుడు ఇబ్న్ బతూతా రాశాడు. వీళ్ళు దీన్ని ఉర్దూ అంటారు అని చెప్పి, మసీదులతో, బజార్లతో ఒక మహానగరమే కదిలి వస్తున్నట్టు ఉందంటాడు. నడుస్తూనే వండుకుంటారట, వంటపొగ గాల్లోకి లేస్తూ ఉంటుందట. దీన్ని మూక అనడానికి మనసెలా ఒప్పుతుంది? సైన్యం లెక్క కూడా పది, వంద, వెయ్యి, పదివేలు. పదివేల దళం పేరు 'తుమెన్'. ఇంత వరుసలో నడిచినవాళ్ళ పేరే అడ్డూఆపూ లేని జనానికి పర్యాయపదమైంది! ఓడినవాళ్ళు నిఘంటువు రాస్తే ఇలాగే ఉంటుందేమో.

ఈ మాటకి వేరే భాషల్లో ఉన్న చుట్టాలు మాత్రం పరువుగానే ఉన్నారు. టర్కీలో 'ఒర్దు' ఇప్పటికీ సైన్యమే. మంగోలియాలో 'ఒర్దోన్' అంటే రాజభవనం. కజకిస్తాన్ అధ్యక్షుడి కార్యాలయ భవనం 'అక్ ఒర్దా', తెల్ల ఒర్దా. మనకు బాగా తెలిసిన చుట్టం ఉర్దూ. ఢిల్లీలో 'జబానె ఉర్దూయె ముఅల్లా', అంటే గొప్ప విడిది భాష అనేవారు. చివరికి విడిది మాటే భాష పేరైంది.

*వ్యాఖ్య:* బాగుందండీ. నాకు మాత్రం హోర్డ్ అంటే వార్‌క్రాఫ్ట్ గేమే. అందులో మేం హోర్డ్ పక్షం అని గొప్పగా చెప్పుకుంటాం. అది తిట్టని ఎప్పుడూ అనిపించలేదు.

*జవాబు:* మంచి మాట పట్టారండీ. 1994లో వచ్చిన మొదటి ఆటలో హోర్డ్ అంటే మీదపడే ఓర్క్‌ల, అంటే కల్పిత రాక్షసజాతి సైన్యమే. 2004 నాటి వరల్డ్ ఆఫ్ వార్‌క్రాఫ్ట్‌కి వచ్చేసరికి దానికో రాజధాని, ఒక నాయకుడు, కలిసి నిలబడిన వేర్వేరు జాతులు వచ్చాయి. తెలిసి చేశారో తెలియక చేశారో గానీ, ఇంగ్లీషు నిఘంటువు కంటే ఆ గేమే పాత అర్థానికి దగ్గరగా వెళ్ళింది.

*వ్యాఖ్య:* మరి గేమ్‌లలో హోర్డ్ మోడ్ సంగతి?

*జవాబు:* అది వేరే దారి. 2008లో గేర్స్ ఆఫ్ వార్ 2 దాన్ని బాగా పాపులర్ చేసింది. ఐదుగురు ఒక జట్టు, యాభై విడతలుగా శత్రువులు మీదికి వస్తూనే ఉంటారు. వాళ్ళకు గుడారమూ లేదు, కొలువూ లేదు. అక్కడ మూక అంటే సరిగ్గా సరిపోతుంది.

*వ్యాఖ్య:* ఇంతకీ గోల్డెన్ హోర్డ్‌కి ఏం రాశారు?

*జవాబు:* మొదట 'దండు' అనుకున్నాను. దండు అంటే సైన్యమూ ఉంది, సైన్యం దిగిన విడిదీ ఉంది, మిడతల దండు అన్నప్పుడు ఆ భయమూ ఉంది. హోర్డ్ అర్థాలన్నీ ఒక్క మాటలో ఇమిడినట్టే. పాళెం కూడా తట్టింది. అదీ మొదట సైన్యం విడిసిన చోటే, కానీ ఇప్పుడు వింటే ఊరి పేరే గుర్తొస్తుంది. దండులో ఒకటే లోటు, రాజ్యం అనే అర్థం రాదు. అందుకని వ్యాసంలో 'బంగారు ఒర్దా' అని ఉంచి, మొదటిసారి వచ్చిన చోట 'ఖాన్ విడిది, రాజ్యం' అని చిన్న వివరణ ఇచ్చాను. రష్యా మీదికి నడిచిన సైన్యం గురించి చెప్పిన చోట మాత్రం దండు అనే రాశాను.